చెక్క ఎండేదాకా ఆగమన్నందుకు

మా వారు నందిగామలో లెక్కల మాస్టారుగా పనిచేసేవారు. కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేసేటప్పుడు "మా ఆవిడ చెక్కల్లో తడి చూస్తుంది" అనేవారు. అవతలివాళ్ళు మర్యాదకి తలాడించి, వెంటనే ఎండల గురించో పిల్లల చదువుల గురించో మాట మార్చేసేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా వృత్తికి దక్కిన గౌరవం అంతే.

రిటైరయ్యాక మాత్రం ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఫోన్ చేసి "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటున్నారు. ప్రమోషన్ల గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. చేరినరోజు ఏ కుర్చీలో కూర్చున్నానో, దిగిపోయిననాడు అదే కుర్చీలోంచి లేచాను. అందుకని పని గురించి, ఒక ఓనరు గురించి, ఒక ధాబా గురించి చెబుతాను.

పని అంటే

నేను చదివింది వృక్షశాస్త్రం. లెక్చరర్ని అవుదామనుకున్నాను. కాలేజీలవాళ్ళు అలా అనుకోలేదు. జగ్గయ్యపేట శివార్లలో కలపకి మందు పట్టించే ప్లాంటు ఒకటి పెట్టారని, చెక్కల గురించి తెలిసినవాళ్ళు కావాలని ఎవరో చెబితే వెళ్ళాను. రోజూ నందిగామలో బస్సెక్కి వెళ్ళి, సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని.

అక్కడ జరిగేది ఇది. పైను అనే జాతి చెక్క మెత్తన. ఊరికే వదిలేస్తే చెద పురుగులకి విందు. అందుకని ఆ పలకల్ని పెద్ద ఇనప పీపాలోకి తోసి, మూత బిగించి, లోపలి గాలి లాగేసి, మందు కలిపిన నీళ్ళని ఒత్తిడితో చెక్క లోపలిదాకా ఎక్కిస్తారు. ఇక చెద ముట్టదు, పుచ్చు పట్టదు. అంతవరకూ బాగుంది. కానీ ఆ మందు ఎక్కింది నీళ్ళతో కలిసి. పీపాలోంచి బయటికొచ్చిన చెక్క స్నానం చేసిన గేదెలా ఉంటుంది. బరువు, చల్లదనం, ఒళ్ళంతా తడి. దాన్ని పలకకీ పలకకీ మధ్య రీపర్లు, అంటే సన్న చెక్క బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, నీడన ఆరబెట్టాలి. ఎండేకొద్దీ చెక్క కుంచించుకుపోతుంది, కొంత వంగుతుంది, కొంత పగులుతుంది. ఆ వేషాలన్నీ మన యార్డులో వేసేస్తే సరే. ఇల్లు కట్టాక వేస్తే కొంప మునుగుతుంది.

ఎండిందో లేదో చూసి చెప్పడమే నా పని. "ఎండింది" అని చెప్పిననాడు అందరికీ నేను చాలా తెలివైనదాన్ని. "ఎండలేదు" అన్ననాడు పుస్తకాల పురుగుని.

ఓనరుగారు

మా ఓనరు సుబ్బారాయుడుగారు. ప్లాంటు పెట్టకముందు పత్తి కొనేవాడు. రైతు బస్తా విప్పగానే చెయ్యి లోపలికి దూర్చి, మొహం చిట్లించి, "తడుందయ్యా, తరుగు తియ్యాల్సిందే" అనేవాడట. మండే ఎండలో మూడు రోజులు ఆరబోసిన పత్తిలో కూడా ఆయన చేతికి తడి తగిలేదని వీరులపాడు వైపు రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషికి సొంత చెక్కలోంచి నీళ్ళు కారుతున్నా కనిపించేవి కావు. కొనేటప్పుడు ఒక కన్ను, అమ్మేటప్పుడు ఇంకో కన్ను.

నా మీద ప్రేమగా ఉంటే "శారదమ్మా" అనేవాడు. కోపమొస్తే "మేడం" అనేవాడు. నా సర్వీసులో ఎక్కువ భాగం మేడంగానే గడిచింది.

చెడ్డవాడు కాదు. మా అత్తగారికి ఆపరేషనైతే అడక్కుండానే కారు పంపాడు. కానీ సరుకు యార్డులో ఉంటే ఆయనకి నిద్ర పట్టదు. అది లారీ ఎక్కితేగానీ అన్నం సహించదు.

మీటరు చెప్పేది

తడి చూసే మీటరుకి రెండు సూదులుంటాయి. చెక్కలో గుచ్చితే వాటి మధ్య కరెంటు పారుతుంది. తడి ఎంత ఎక్కువుంటే అంత తేలిగ్గా పారుతుంది, దాన్నిబట్టి అంకె చూపిస్తుంది. అయితే మందులో ఉన్న లవణాలు కూడా కరెంటుని పారనిస్తాయి. అందుకని మందు పట్టిన చెక్కలో మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. ఈ ముక్క నేనే ఒకసారి ఓనరుగారికి వివరంగా చెప్పాను. అంతే, ఆయనకి వేదం దొరికినట్టయింది. అప్పట్నుంచి ఏ అంకె చూపించినా "అది మందమ్మా, తడి కాదు" అనేవాడు.

ఇంకో సంగతి ఆయన వినలేదు, విన్నా బుర్రకి ఎక్కించుకోలేదు. పొట్టి సూదులు పైతొక్కనే చూస్తాయి. మన వైపు వడగాలి ఒక పూట వీస్తే చాలు, పలక పైన అప్పడంలా ఎండిపోతుంది, నడుమ మాత్రం తడి అలాగే ఉంటుంది. చివర్లు అన్నిటికంటే ముందు ఎండుతాయి కాబట్టి చివర గుచ్చి చూడటం శుద్ధ దండగ. పేర్చిన వరస మధ్యలోంచి పలక లాగి, చివర నుంచి బాగా లోపలికి కోసి, ఆ కోసిన ముఖం మీద గుచ్చి చూడాలి. అనుమానముంటే ముక్క తూచి, అవెన్‌లో పెట్టి, బరువు ఇంక తగ్గనంతవరకూ ఎండబెట్టి, మళ్ళీ తూచాలి. తక్కెడకి మందూ తెలియదు, ముహూర్తమూ తెలియదు.

ఆ అవెన్ గురించి ఒక మాట. ఒకరోజు సుబ్బారాయుడుగారు కర్రీ పఫ్ వేడి చేసుకుందామని దాన్ని అందులో పెట్టాడు. తింటూ ఉండగా నేను వచ్చి, అందులో రోజూ పెట్టేది మందు పట్టిన ముక్కలని చెప్పాను. సగం నోట్లో, సగం చేతిలో. ఆ తరవాత నెల రోజులపాటు ఆయన అద్దంలో నాలిక చూసుకుంటూ ఉండేవాడు.

గరికపాడు ధాబా

ఇక అసలు కథ. కోటేశ్వరరావుగారిది పెనుగంచిప్రోలు. మిర్చి, పత్తి వేసే కుటుంబం. గరికపాడు చెక్‌పోస్టుకి ఇవతల హైవే పక్కన ధాబా పెట్టాడు. కింద లారీ డ్రైవర్లకి నవారు మంచాలు, భోజనం. పైన కార్లలో వచ్చే ఫ్యామిలీల కోసం చెక్క మేడ, చుట్టూ రెయిలింగు, రంగు దీపాలు. హైదరాబాదు దారిలో ఎక్కడో చూశాడట. మా ఓనరు దగ్గర పైను చెక్క ఆర్డరిచ్చాడు. ఆ పాటికే ప్రారంభానికి ముహూర్తం పెట్టించేశాడు.

చెక్క పీపాలోంచి వచ్చి యార్డులో సరిగ్గా ఊపిరి కూడా పీల్చుకోలేదు. నేను నడుమ కోసి చూశాను. గుచ్చితే సూదుల చుట్టూ చెమ్మ ఊరింది. తూచి ఎండబెట్టి చూస్తే, నీళ్ళు అమ్ముతున్నామా చెక్క అమ్ముతున్నామా అని అనుమానమొచ్చింది. వెళ్ళి చెప్పాను.

"సార్, ఇది ఇప్పుడే పంపితే పాడైపోద్ది. వేసంకాలం మొత్తం ఆరాలి."

"అది మందు మేడం."

"తక్కెడలో తూచా సార్. మందైతే ఆవిరైపోదుగా."

"ఆయనకి ముహూర్తముంది. ఆయన ముహూర్తానికి కొంటున్నాడు, మీ తక్కెడకి కాదు."

లారీ ఎక్కించేశారు. నేను ఊరుకోకుండా గరికపాడు వెళ్ళాను. కోటేశ్వరరావుగారు కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"మీరు మిర్చి పండిస్తారుగా. తొక్క గలగలమన్నంత మాత్రాన బస్తాకెత్తుతారా? తొడిమ దగ్గర చెమ్మ ఉంటే బూజు పట్టదా?" అన్నాను.

"మిర్చి వేరండి, చెక్క వేరండి. మిర్చి తినేది. దీన్నెవరు తింటారు?"

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాను.

వెనక్కి వస్తుంటే వంట పాక దగ్గర ఒకావిడ కోసేసిన చెక్క ముక్కల్ని ఏరి పొయ్యి పక్కన పేర్చుకుంటోంది. అది కోటేశ్వరరావుగారి భార్య నాగమణి. ధాబాలో వంటంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. నేను పరుగెత్తాను.

"అమ్మా, అవి పొయ్యిలో పెట్టకండి! అందులో మందుంది. పొగ పీలిస్తే మీకు ప్రమాదం, బూడిద కూరలో పడితే తినేవాళ్ళకి ప్రమాదం."

ఆవిడ చేతిలో ముక్కని పాముని వదిలినట్టు వదిలేసింది. "మరి ఆ సుబ్బారాయుడుగారు 'ముక్కలు కూడా తీసుకెళ్ళండమ్మా, పొయ్యికి పనికొస్తాయి' అన్నారండీ?"

"ఆయన పఫ్ కూడా అలాగే తిన్నాడు" అన్నాను.

ఆ కథ విని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా ఫోన్ నంబరు తీసుకుంది. ఉద్యోగంలో నేను చేసిన తెలివైన పనులు తక్కువే, కానీ నాగమణికి నంబరివ్వడం వాటిలో ఒకటి.

ప్రారంభం రోజు

మేడ కట్టేటప్పుడు ఒకసారి వెళ్ళి చూశాను. గుంజలకి బోల్టులు బిగిస్తుంటే పక్క నుంచి మందు కలిసిన నీరు పచ్చగా ఊరుతోంది. వడ్రంగి దాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ బిగిస్తున్నాడు. ఉబ్బిన చెక్క మీద బిగించిన బోల్టు, ఆ చెక్క చిక్కిపోయాక దేన్ని పట్టుకుని ఉంటుంది? ఇది చెప్పడానికి వృక్షశాస్త్రం అక్కర్లేదు. పండక్కి కొన్న గాజులు జ్వరమొచ్చి తగ్గాక చేతికి ఎలా ఉంటాయో గుర్తు చేసుకుంటే చాలు.

ప్రారంభానికి నన్నూ పిలిచారు. నాగమణి పిలిచింది లెండి. పెనుగంచిప్రోలు నుంచి బంధువులు ఆటోల నిండా దిగారు. అందరూ కలిసి పైకెక్కి, రెయిలింగుకి ఆనుకుని హైవే చూస్తూ ఫోటోలు దిగాలని పథకం. ఆ జనాన్నీ, ఆ బోల్టులనీ చూశాను. ఏం చేయాలో తోచక, ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మెట్లకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

"మేడంగారూ, కొంచెం జరగండి" అన్నాడు కోటేశ్వరరావుగారు.

"జరగనండి."

"చుట్టాల ముందు పరువు తీస్తన్నారు."

"పరువు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చండి. అందరూ ఒకేసారి ఎక్కొద్దు, రెయిలింగుకి అసలు ఆనుకోవద్దు. ఈ రెండు మాటలకి ఒప్పుకుంటే లేస్తా."

సుబ్బారాయుడుగారు కూడా వచ్చారు, ముఖ్య అతిథి. ఆయన నా వైపు చూసిన చూపుకి చెక్క ఎండాల్సింది. "మేడం, రేపట్నుంచి పనికి రానక్కర్లేదు" అన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు నిజంగా భయమేసింది. మా వారి జీతం మీద ఇద్దరు పిల్లల చదువులు, మా అత్తగారి మందులు. అయినా కుర్చీలోంచి లేవలేదు. ధైర్యమని చెప్పను. లేస్తే మళ్ళీ కూర్చోనిస్తారని నమ్మకం లేదు.

అప్పుడు వంట పాకలోంచి నాగమణి గరిటె పట్టుకునే వచ్చింది. మొగుడి వైపు, ఓనరు వైపు, నా వైపు చూసింది. "భోజనాలు కిందే వడ్డిస్తన్నా. పైకి ఒక్క విస్తరి కూడా రాదు. తినాలనుకున్నోళ్ళు కిందే కూర్చోండి" అంది.

మటన్ వాసన అప్పటికే గాలిలో ఉంది. బంధువుల ఉత్సాహం ఒక్కసారిగా కిందికి దిగింది.

మూడు నెలల అవమానం

ఆరోజు ఏమీ జరగలేదు. మేడ కూలలేదు, బోల్టు ఊడలేదు. ఈ వృత్తిలో ఇదే పెద్ద బాధ. మీరు చెప్పింది విని జాగ్రత్తపడితే ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి మీరు చెప్పింది తప్పని తేలుస్తారు. సుబ్బారాయుడుగారు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. నన్ను చూసి నవ్వడం అంతకంటే లాభమని గ్రహించాడు. యార్డుకి ఎవరొచ్చినా "ఈవిడే మెట్ల మీద కూర్చున్నావిడ" అని చూపించేవాడు. జగ్గయ్యపేటలో టీ కొట్టు దగ్గర నాకు "తడి మేడం" అని పేరు పడింది. మా వారు కూడా ఒకరోజు అన్నంలోకి మజ్జిగ పోసుకుంటూ "ఎక్కువ తడవలేదుగా?" అన్నారు. ఆ పూట ఆయనకి పచ్చడి దొరకలేదు.

ధాబాలో పై అంతస్తు నడవడం మొదలైంది. నాగమణి మాత్రం రెయిలింగు పక్కన బల్లలు వేయనివ్వలేదు. అక్కడంతా మొక్కల కుండీలు పెట్టించింది. అందంగా ఉందని జనం ఫోటోలు తీసుకున్నారు.

ఎండలు ముదిరాక ఆవిడే ఫోన్ చేసింది.

"అక్కా, పలకల మధ్య సందులొచ్చినయ్. పైన సాంబారు ఒలికితే కింద డ్రైవర్ల నెత్తి మీద పడతంది. నిన్న ఒకాయన పప్పన్నంలో సాంబారు అడక్కుండానే పడిందని మెచ్చుకున్నాడు."

"రెయిలింగు ఎలా ఉంది?"

"పట్టుకుంటే కదులుతా ఉంది అక్కా. ఈయనకి చెప్తే సుబ్బారాయుడుగారికి ఫోన్ చేసాడు. ఆయన రేపొస్తారంట. నువ్వు కూడా రా."

ఓనరుగారు నిరూపించిన విధం

మర్నాడు ఆయన కారులోనే ఇద్దరం వెళ్ళాం. దారిపొడుగునా ఆయన వడ్రంగిని తిట్టాడు. పైకెక్కి చూస్తే పలకలు దోనెల్లా వంగాయి. అంచు పలక మేకుల వరసెంట పొడుగ్గా చీలింది. బోల్టుల నట్లు వేళ్ళతో తిరుగుతున్నాయి. నేను ఒక నట్టుని వేలితో తిప్పి చూపించాను.

"ఇది వడ్రంగి పని" అన్నాడు సుబ్బారాయుడుగారు. "చెక్క రాయిలా ఉంది."

"సార్, ఆ అంచుకి వెళ్ళకండి."

"మీకు అంతా భయమే మేడం. చూడండి." ఆయన రెండు కుండీల మధ్య నుంచి వెళ్ళి, రెయిలింగుకి వీపు ఆనించి, రెండు చేతులూ దాని మీద చాచి, మా వైపు తిరిగాడు. ఫోటోకి నిలబడినట్టు. "రాయి" అన్నాడు.

రెయిలింగు ఏ చప్పుడూ చేయలేదు. ఆయనని తీసుకుని మెల్లగా వెనక్కి ఒరిగింది. ఆయన మొహంలో భయం కూడా లేదు, ఎవరో తన మాట కాదన్నప్పుడు పడే ఆశ్చర్యమే ఉంది. తరవాత చెప్పులు కనిపించాయి. తరవాత ఏమీ కనిపించలేదు.

నేను అరిచానో లేదో నాకు తెలియదు. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఎంత నవ్వుతూ చెప్పినా, ఇప్పటికీ ఈ చోటికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. కింద కోదాడ వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు నవారు మంచం మీద పడుకుని, అప్పుడే మొహం కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు. సుబ్బారాయుడుగారు సరిగ్గా ఆ మంచం మీద పడ్డారు. నవారు తెగింది, మంచం కోళ్ళు విరిగాయి, ఆయన బతికాడు. డ్రైవరు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, విరిగిన మంచాన్నీ, దానిలోని మనిషినీ చూసి, "ఏందే అన్నా, నేను లేసేదాంక ఆగినవా?" అన్నాడు. అని, ఆ మాటకి తనే భయపడి, నేల మీద కూలబడ్డాడు.

కోటేశ్వరరావుగారు కారు తీశాడు. నాగమణి వెనక సీట్లో సుబ్బారాయుడుగారి తలని ఒళ్ళో పెట్టుకుంది. జగ్గయ్యపేట ఆసుపత్రిలో చూసి, భుజం ఎముక విరిగిందని, మణికట్టు బెణికిందని, తలకేమీ కాలేదని చెప్పారు. కట్టు కట్టాక నన్ను లోపలికి రమ్మన్నారట. వెళ్ళాను. ఏదో ఒప్పుకుంటాడేమో అని నా ఆశ.

ఆయన కళ్ళు తెరిచాడు.

"మేడం, మీరు నెట్టలేదుగా?" అన్నాడు.

తరవాత

తప్పు తనదని ఆయన ఎన్నడూ అనలేదు. బోల్టులు నాసిరకమన్నాడు, వడ్రంగికి చేతకాదన్నాడు, ఒకసారి వాస్తు కూడా అన్నాడు. కానీ భుజానికి కట్టుతోనే యార్డులో రెండు కొత్త రేకుల షెడ్లు వేయించాడు, చెక్క ఆరబెట్టడానికి. కోటేశ్వరరావుగారికి మేడంతా విప్పించి, ఆరిన చెక్కతో మళ్ళీ కట్టించి ఇచ్చాడు. ఆ రెండోసారి ముహూర్తం ఎవరు పెట్టాలని వాళ్ళింట్లో మాటొస్తే, నాగమణి "అక్క చెప్పినప్పుడు" అందట. మా వారికి ఈ సంగతి చెబితే, ముహూర్తాలు పెట్టే పంతులుగా నీకు మంచి భవిష్యత్తుంది అన్నారు.

కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది చాలా తక్కువ. ఓనరు మూర్ఖుడని అనుకోకండి. ఆయనకి తడి తెలియక కాదు, తెలుసుకుంటే ఆగాలి కాబట్టి తెలియదు. మీరు పోట్లాడాల్సింది ఆ ఆగలేనితనంతో. మీటరు చూపించి ఆయన్ని గెలవలేరు, ఎందుకంటే మీటరులో ఉన్న లోపం మీకంటే ఆయనే బాగా వాడుకుంటాడు. కట్టించుకునే ఇంట్లో వంట ఎవరు చేస్తారో, నేల ఎవరు తుడుస్తారో, పిల్లల్ని ఎవరు ఎత్తుకుని తిరుగుతారో వాళ్ళతో మాట్లాడండి. మీకు అక్కడ చుట్టాలు దొరుకుతారు. ఇంకొకటి, ఎప్పుడైనా మెట్లకి అడ్డంగా కూర్చోవాల్సి వస్తే మంచి కుర్చీ చూసుకోండి. ప్లాస్టిక్‌ది నడుముకి మంచిది కాదు.

నేను దిగిపోయే ముందు ఆఖరి వేసవిలో ఒకరోజు షెడ్డులో పలకలు చూస్తున్నాను. సుబ్బారాయుడుగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని లోపలికి వచ్చాడు. అవతల ఎవరో పెద్ద పార్టీ, ఫాంహౌసు కడుతున్నారట, సరుకు వెంటనే కావాలని గట్టిగా అడుగుతున్నారు. ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "శారదమ్మా, ఎండిందా?" అన్నాడు.

"లేదండి."

ఆయన ఫోన్ మీద చెయ్యి అలాగే ఉంచాడు. పలకల వరసని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పలకల్ని చూశాడు. మందు గురించి ఏదో అనబోతున్నాడని నాకు తెలుసు. అది ఆయన పెదాల దాకా వచ్చింది కూడా. తరవాత చెయ్యి తీసి, "లేదండి, ఇంకా ఎండలేదు. ఆగగలిగితే ఆగండి, లేకపోతే వేరే చోట చూసుకోండి" అన్నాడు.

అవతలివాళ్ళు ఆగలేదు. ఫోన్ పెట్టేశారు. బేరం పోయింది. ఆయన నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఇసుమంతైనా లేదు. బయటికి వెళ్ళి టీ తాగుతాడనుకున్నాను. వెళ్ళలేదు. వరస మధ్యలోంచి ఒక పలక సగం లాగి, పత్తి బస్తాలో పెట్టినట్టు రెండు పలకల మధ్యకి చెయ్యి దూర్చి, చాలాసేపు అలాగే ఉంచాడు.

"తడే" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.